మూడేండ్లు బ్రతికిన లీగు

నేను ఉపాధ్యాయుడనై పనిచేసిన తొలి సంవత్సరములలో జరిగిన చిన్న సంగతి యొకటి నాకిప్పటికిని జ్ఞప్తియందున్నది. మా పాఠశాల బాలురకును పొరుగూరి బాలురకును ఒక శనివారము సాయంకాలము ఫుట్‌బాల్ పందెము జరుగవలెనని నిర్ణయమయ్యెను. మా పిల్లలు ఉదయముననే లేచి మైదానమునందలి పల్లేరుకాయలను ఏరివేసిరి. సున్నముతో గీతలు గీసిరి. వెదురుబొంగులను పాతి గోలుస్తంభములుగా నిలిపిరి. ఊరివారును వచ్చి చెఱువుగట్టు మీద కూర్చుండిరి. నాలుగు గంటలయ్యెను; అయిదు గంటలయ్యెను; ప్రొద్దు క్రుంకెను. పొరుగూరి జట్టు రాలేదు. వారికి ఆ దినముననే మరియొక యూరిలో బహుమానము గల పోటీ తటస్థించినదట! రాలేమని తెలుపుటకైనను ఎవరును రాలేదు. మా జట్టు నాయకుడు బంతిని చంకన పెట్టుకొని నా యొద్దకు వచ్చి, "మాస్టారూ! వచ్చెదమని చెప్పినవారు తప్పక వచ్చునట్లు చేయుటకు ఉపాయమేదియు లేదా?" అని అడిగెను. నేను వెంటనే బదులు చెప్పలేకపోతిని.

ఈ ప్రశ్న మా బాలునకు మాత్రమే కలిగినది కాదు. పందొమ్మిదవ శతాబ్దపు చివరి భాగమున ఇంగ్లండు దేశమునందలి ఫుట్‌బాల్ జట్లన్నియు ఈ చిక్కునకే లోనయ్యెను. దానికి వారు కనుగొన్న ఉపాయమే లీగు. వారు స్థాపించిన లీగులలో మొదటిది నేటికిని నడచుచున్నది. దాని వెనుకనే పుట్టిన మరియొకటి మూడేండ్లు మాత్రమే బ్రతికి అంతరించినది. దాని పేరు ఫుట్‌బాల్ అలయన్స్. అలయన్స్ అనగా కూటమి. నిలిచినవారి కథలను మనము తఱచుగా చదువుచునే యున్నాము. నిలువనివారి కథలలో కూడ తెలిసికొనదగినది కలదు. కావున ఈ కూటమి ఏల పుట్టెనో, ఎట్లు నడచెనో, ఎట్లు ముగిసెనో చూతము.

మొదట లీగు అనగా నేమో తెలిసికొనవలెను. ఆటల పోటీలు ముఖ్యముగా రెండు విధములు. మొదటిది కప్పు పోటీ. ఇందులో ఓడిన జట్టు ఇంటికి పోవును. గెలిచిన జట్టు ముందునకు పోవును. పదునాఱు జట్లు చేరినచో మొదటి వరుస ముగియునప్పటికే ఎనిమిది జట్లకు ఆ పోటీతో పని తీరిపోవును. మన దేశమున సిమ్లాలో 1888లో ఆరంభమైన డ్యూరాండ్ కప్పు తొలినాళ్లలో ఇట్టిదిగానే యుండెను. రెండవది లీగు పోటీ. ఇందులో ప్రతి జట్టును మిగిలిన ప్రతి జట్టుతోను రెండుమార్లు ఆడవలెను; ఒకమాఱు తన యూరిలో, మరియొకమాఱు ఎదుటివారి యూరిలో. పండ్రెండు జట్లున్నచో ఒక్కొక్క జట్టునకు ఇరువదిరెండు ఆటలు వచ్చును. మొత్తము నూటముప్పదిరెండు ఆటలగును. ఆ కాలపు లెక్క ప్రకారము గెలుపునకు రెండు పాయింట్లు, ఇరుజట్లును సమముగా నిలిచినచో చెఱియొక పాయింటు, ఓటమికి సున్న. ఆటలన్నియు ముగిసిన పిమ్మట ఎవరికి ఎక్కువ పాయింట్లు వచ్చునో వారే ప్రథములు. కప్పు పోటీలో ఒకనాటి అదృష్టము గెలిపింపవచ్చును. లీగులో ఏడాది పొడవునను నిలుకడగా ఆడినవారికే గెలుపు. అంతకంటె ముఖ్యమైన విషయము వేఱొకటి కలదు. లీగులో ఏ దినమున ఎవరితో ఎక్కడ ఆడవలెనో ముందుగనే వ్రాసి యుంచుదురు. ఓడినను, గెలిచినను, వర్షము వచ్చినను, పైనము దూరమైనను ఆ మాట నిలుపుకొనవలసినదే.

ఇట్టి ఏర్పాటు ఇంగ్లండులో ఏల అవసరమయ్యెను? ఆ దేశపు మధ్యభాగమునను ఉత్తరభాగమునను అప్పటికి నూలుమిల్లులు, ఇనుప కర్మాగారములు, బొగ్గుగనులు, రైలు కర్మశాలలు దట్టముగా వెలసియుండెను. పూర్వము అచటి కార్మికులకు ఆదివారము తప్ప తీరికయే లేదు. 1850వ సంవత్సరమున చేయబడిన కర్మాగారముల శాసనము శనివారము మధ్యాహ్నము రెండు గంటలకు బట్టల మిల్లులలో పని నిలుపవలెనని విధించెను. క్రమముగా ఇతర వృత్తులవారికి కూడ ఈ సగము దినపు సెలవు లభించెను. ఆ శనివారపు మధ్యాహ్నమే ఫుట్‌బాల్ ఆటకు పుట్టినిల్లు. ఒక యూరివారు మరియొక యూరికి పోయి ఆడి, రాత్రికి ఇల్లు చేరుటకు రైళ్లు తోడ్పడెను. 1863లో లండను నగరమున ఫుట్‌బాల్ సంఘము ఏర్పడి ఆట నియమములను వ్రాసెను. 1871లో ఆ సంఘమే ఒక కప్పు పోటీని నెలకొల్పెను.

ఆటను చూచుటకు వేలకొలది జనులు వచ్చుచుండిరి. ద్వారమున వారిచ్చు రుసుముతో జట్లకు ఆదాయము కలిగెను. నేర్పరులైన ఆటగాండ్రకు కొన్ని జట్లు రహస్యముగా ధనమిచ్చుచుండెను. దీనిపై పెక్కు వివాదములు జరిగిన పిమ్మట, 1885లో జీతము పుచ్చుకొని ఆడుటకు సంఘము అనుమతించెను. అప్పటినుండి జట్లకు కొత్త చిక్కు వచ్చిపడెను. ఆటగానికి వారము వారము జీతమియ్యవలెను. కాని వారము వారము ఆట జరుగునన్న నమ్మకమేది? కప్పు పోటీలో ఒక జట్టు గెలిచినచో, అది ముందుగా ఒప్పుకొన్న ఇతర పందెములను విడిచి కప్పు పోటీకే పోవును. ఓడిన జట్టునకో, మిగిలిన వారములలో ఆడుటకు ఎవరును దొరకరు. టిక్కెట్టు కొనుటకై వచ్చిన జనులు మూసిన ద్వారమును చూచి తిరిగిపోవుచుండిరి. మా మైదానమున ఆ శనివారము జరిగినది అచట ప్రతి శనివారమును ఏదో ఒక యూరిలో జరుగుచునే యుండెను.

ఈ చిక్కును విడదీసినవాడు విలియం మెక్‌గ్రెగర్. అతడు స్కాట్లండు దేశీయుడు. బర్మింగుహామ్ నగరమున బట్టల దుకాణము నడుపుకొనుచు, ఆస్టన్ విల్లా క్లబ్బు నిర్వాహకులలో ఒకడై యుండెను. అతడు 1888 మార్చి 2వ తేదీన కొన్ని క్లబ్బులకు ఉత్తరము వ్రాసి, ప్రధానమైన జట్లు కొన్ని కలిసి ప్రతి యేటను తమలో తాము తప్పక ఆడునట్లు ఒక నిబంధన చేసికొనవలెనని సూచించెను. ఆ యేడు ఏప్రిల్ 17వ తేదీన మాంచెస్టరు నగరమున సభ జరిగి, పండ్రెండు క్లబ్బులతో ఫుట్‌బాల్ లీగు స్థాపింపబడెను. సెప్టెంబరు 8వ తేదీన మొదటి ఆటలు జరిగెను. ఆ తొలి యేట ప్రెస్టన్ నార్త్ ఎండ్ జట్టు పదునెనిమిది ఆటలు గెలిచి, నాలుగింట సమముగా నిలిచి, ఒక్క ఆటయైనను ఓడక ప్రథమస్థానమును పొందెను. నలువదినాలుగు పాయింట్లకు నలువది వచ్చెనన్నమాట.

అయితే పండ్రెండు జట్లే ఏల? ఆటకు అనుకూలించు శనివారములు ఇరువదిరెండు మాత్రమే లభించెను. అంతకు మించి జట్లను చేర్చుకొన్నచో దినములు చాలవు. ఆ కారణముచేత షెఫీల్డ్ వెన్‌స్‌డే, నాటింగుహామ్ ఫారెస్ట్ వంటి పేరుగల క్లబ్బులు చేరగోరినను వానికి చోటు దొరకలేదు. బూటిల్ అను రేవు పట్టణపు జట్టు పొరుగుననున్న ఎవర్టన్‌కు పోటీగా నిలిచినది. కాని లీగులో స్థానము ఎవర్టన్‌కే దక్కెను.

తలుపు వెలుపల నిలిచినవారు చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. ఇరువది జట్లు కలిసి అదే యేట 'కాంబినేషన్' అను నొక ఏర్పాటు చేసికొనెను. ఒక్కొక్క జట్టు తనకు నచ్చిన ఇతర జట్లతో ఎనిమిది ఆటలు ఆడవలెనని వారి ఒప్పందము. చూచుటకు ఇదియు లీగువలెనే యున్నది. కాని ఇందులో రెండు లోపములుండెను. అందఱును అందఱితో ఆడరు. కావున ఎవరు గొప్పవారో తేల్చుటకు సమానమైన కొలత లేదు. ఆటల ఫలితములను ఒకచోట వ్రాసి, పట్టిక కట్టి, మాట తప్పినవారిని మందలించుటకు కేంద్రసంఘమును లేదు. ఎవరికి వారే యమునాతీరే అన్నట్లు నడచిన ఆ ఏర్పాటు మూన్నాళ్ల ముచ్చటయై, 1889 ఏప్రిల్ మాసమున విచ్ఛిన్నమయ్యెను. పందెములకు కావలసినది ఉత్సాహము మాత్రమే కాదు. లెక్క వ్రాయువాడును, ఆ లెక్కకు తలయొగ్గువారును కావలెనని ఆ యనుభవము వారికి నేర్పెను.

ఆ పాఠము నేర్చిన పండ్రెండు జట్లు 1889లో స్థాపించినదే ఫుట్‌బాల్ అలయన్స్. షెఫీల్డ్ వెన్‌స్‌డే క్లబ్బు పెద్దయైన జాన్ హోమ్స్ దానికి అధ్యక్షుడయ్యెను. వారు ఫుట్‌బాల్ లీగు పద్ధతినే అనుసరించి, ప్రతి జట్టును ఇరువదిరెండు ఆటలు ఆడునట్లు నిర్ణయించిరి. ఆ జట్ల ఊళ్లను చూచినచో ఆనాటి ఇంగ్లండు దేశపు వృత్తులన్నియు కన్నులకు కట్టును. షెఫీల్డు కత్తులకును ఉక్కునకును పేరుపొందినది. నాటింగుహామ్ అల్లికపని గల సన్నని లేసు బట్టలకు ప్రసిద్ధము. గ్రిమ్స్‌బీ చేపలు పట్టువారి రేవు. క్రూ పట్టణము రైలు ఇంజన్ల కర్మశాల చుట్టును పెరిగినది. డార్వెన్ నూలుమిల్లుల ఊరు. ఇవిగాక వాల్సాల్ టౌన్ స్విఫ్ట్స్, బర్మింగుహామ్ నుండి స్మాల్ హీత్, సెయింట్ జార్జెస్ అను రెండు జట్లు, లాంగ్ ఈటన్ రేంజర్స్, బూటిల్, సండర్లండ్ ఆల్బియన్, న్యూటన్ హీత్ చేరెను. వెన్‌స్‌డే అనగా బుధవారము. బుధవారపు సెలవున క్రికెట్ ఆడుకొనుటకై 1820లో వెలసిన సంఘమువారే, చలికాలమున కూడ కలిసియుండవలెనని 1867లో ఫుట్‌బాల్ ఆరంభించిరి. అందుచేత వారి జట్టునకు ఆ వింత పేరు వచ్చెను.

ఈ జట్లలో రెండింటి సంగతి ప్రత్యేకముగా చెప్పదగినది. మొదటిది న్యూటన్ హీత్. మాంచెస్టరు నగరమున రైలుపెట్టెలను చేయు కర్మశాలలోని పనివారు 1878లో ఈ జట్టును స్థాపించిరి. వారి తొలి మైదానము రైలు ఆవరణము ప్రక్కనే యుండెను. ఒకవైపు రాళ్లు తేలిన గట్టినేల; మరియొకవైపు అడుసు. పోవు వచ్చు ఇంజన్ల పొగ మైదానమును కమ్ముచుండెను. అచట దుస్తులు మార్చుకొనుటకు గదియైనను లేదు. ఆటగాండ్రు కొంత దూరముననున్న యొక పూటకూళ్ల యింట దుస్తులు మార్చుకొని నడచి రావలసియుండెను. అలయన్స్‌లో మొదటి రెండేండ్లు ఈ జట్టు పట్టికయొక్క క్రింది సగముననే యుండెను.

రెండవది సండర్లండ్ ఆల్బియన్. దీని స్థాపకుడు జేమ్స్ అలన్ అను పాఠశాల ఉపాధ్యాయుడు. అతడు 1879లో సండర్లండ్ పట్టణమునందలి ఉపాధ్యాయుల కొఱకు ఒక ఫుట్‌బాల్ జట్టును నెలకొల్పెను. మరుసటి యేటనే ఉపాధ్యాయులు కానివారిని కూడ చేర్చుకొనిరి. కొలది కాలములో ఆ జట్టు పెద్దదయ్యెను. దానితోపాటు విభేదములును పెరిగెను. 1888లో అలన్ తాను పెంచిన జట్టును విడిచి, కొందఱు ఆటగాండ్రతో ఆల్బియన్ అను వేఱు జట్టును స్థాపించెను. ఒకే యూరిలోని యీ రెండు జట్లకును నడుమ పగ ఎంత పెరిగెననగా, అదే యేట కప్పు పోటీలో రెండింటికిని పందెము పడినప్పుడు, ద్వారపు రుసుములో ఆల్బియన్‌కు వాటా పోవునని తలచి పాత జట్టు పోటీనుండియే తప్పుకొనెను. ఆట కొఱకు పుట్టిన జట్లు పగ కొఱకు ఆటనే విడిచిపెట్టుట ఎంత విచారకరము!

అలయన్స్ మూడేండ్లలో పట్టికలు తలక్రిందులగుచు వచ్చెను. మొదటి యేట షెఫీల్డ్ వెన్‌స్‌డే ప్రథమముగా నిలిచెను. 1890 వసంతమున ఆ జట్టే ఇంగ్లండు కప్పు చివరి పోటీకి కూడ చేరెను. కాని అచట బ్లాక్‌బర్న్ రోవర్స్ చేతిలో ఆఱు గోళ్లకు ఒక గోలుతో ఓడిపోయెను. మరుసటి యేట అలయన్స్ పట్టికలో వెన్‌స్‌డే స్థానమేది? చిట్టచివరిది! ఒక్క యేడాదిలో మొదటినుండి చివరకు జారినను ఆ జట్టు చెదరిపోలేదు. మూడవ యేట నాలుగవ స్థానమునకు ఎగబ్రాకెను.

రెండవ యేటి విజేత స్టోక్. ఈ జట్టు కథ మరియొక విధమైనది. ఫుట్‌బాల్ లీగు స్థాపించిన పండ్రెండు జట్లలో ఇదియు ఒకటి. కాని మొదటి రెండేండ్లును అచట చివరి స్థానమున నిలుచుటచే 1890లో సభ్యులు దానిని తొలగించి సండర్లండ్ జట్టును చేర్చుకొనిరి. వెలివడిన స్టోక్ సిగ్గుపడి ఇంటనుండక అలయన్స్‌లో చేరెను. ఆ యేటనే అందులో ప్రథమముగా నిలిచెను. 1891లో ఫుట్‌బాల్ లీగు పదునాలుగు జట్లకు పెరిగినప్పుడు స్టోక్‌ను, దానితోపాటు డార్వెన్‌ను చేర్చుకొనిరి. పడినవాడు లేచుటకు ఒక మెట్టు కావలెను. అలయన్స్ స్టోక్‌కు అట్టి మెట్టయ్యెను. ఖాళీయైన స్థానములలో ఆర్డ్విక్, బర్టన్ స్విఫ్ట్స్, లింకన్ సిటీ జట్లు చేరెను. మూడవ యేట నాటింగుహామ్ ఫారెస్ట్ ప్రథమముగాను, ఎవరును ఊహింపని న్యూటన్ హీత్ ద్వితీయముగాను నిలిచెను.

ఈ మూడేండ్ల కాలముననే ఆట నియమములలో కూడ గొప్ప మార్పులు వచ్చినవని మీరు గుర్తింపవలెను. అంతకు పూర్వము గోలుస్తంభములకు వల యుండెడిది కాదు. బంతి స్తంభముల లోపలినుండి పోయెనో, ప్రక్కనుండి పోయెనో తెలియక కలహములు పుట్టుచుండెను. లివర్‌పూల్ నగరపు ఇంజనీరగు జాన్ బ్రోడీ ఆలోచించి గోలు వెనుక వల కట్టు పద్ధతిని కనిపెట్టెను. 1891లో దానిని పరీక్షించి చూచిరి. ఆ సంవత్సరముననే, గోలు సమీపమున అన్యాయముగా అడ్డగించినవారికి శిక్షగా పెనాల్టీ దెబ్బ అమలులోనికి వచ్చెను. దీనిని సూచించినవాడు విలియం మెక్‌క్రమ్ అను ఐర్లండు దేశీయుడు. అతడు స్వయముగా గోలు కాచువాడగుట విశేషము. అంతవరకు జట్టునకొకరు చొప్పున ఇద్దరు మధ్యవర్తులు మైదానమున నిలుచుచుండిరి. వారికి పొత్తు కుదరనప్పుడు వెలుపలనున్న రెఫరీ తీర్పు చెప్పుచుండెను. 1891 నుండి రెఫరీయే మైదానములోనికి వచ్చి తీర్పరి యయ్యెను. మధ్యవర్తులు గీత వద్దకు పోయిరి. లీగు పోటీలలో ఒక్క గోలు విలువ ఏడాది శ్రమతో ముడివడియుండును. కావున తీర్పు నిస్సందేహముగా నుండవలెనను కోరిక ప్రబలుట సహజమే.

మూడేండ్లు గడచునప్పటికి ఫుట్‌బాల్ లీగువారికి ఒక విషయము స్పష్టమయ్యెను. అలయన్స్ జట్లు తమకు తీసిపోయినవి కావు. వానిని వెలుపల నుంచుటకంటె లోనికి రప్పించుట మేలు. అలయన్స్ వారికిని పెద్ద లీగులో చేరుటయే కోరిక. 1892లో రెండును కలిసిపోయెను. ఫుట్‌బాల్ లీగు రెండు తరగతులుగా విభజింపబడెను. మొదటి తరగతిలో పదునాఱు జట్లు. రెండవ తరగతిలో పండ్రెండు జట్లు. అలయన్స్ నుండి నాటింగుహామ్ ఫారెస్ట్, న్యూటన్ హీత్, షెఫీల్డ్ వెన్‌స్‌డే మొదటి తరగతిలో చేరెను. స్మాల్ హీత్, గ్రిమ్స్‌బీ టౌన్, ఆర్డ్విక్, బర్టన్ స్విఫ్ట్స్, బూటిల్, లింకన్ సిటీ, క్రూ అలెగ్జాండ్రా, వాల్సాల్ టౌన్ స్విఫ్ట్స్ అను ఎనిమిది జట్లు రెండవ తరగతిలో చేరెను. పండ్రెండింటిలో పదునొకండు జట్లకు స్థానము దొరకెను. సెయింట్ జార్జెస్ ఒక్కటి ఆ యేటనే మూతపడెను. దీనితో ఫుట్‌బాల్ అలయన్స్ అను పేరు చరిత్రలో కలిసిపోయెను.

రెండు తరగతుల పద్ధతితో ఒక కొత్త న్యాయము పుట్టెను. పై తరగతిలో చివరనున్న మూడు జట్లును, క్రింది తరగతిలో ముందున్న మూడు జట్లును పరీక్షాపందెములు ఆడవలెను. గెలిచినవారికి పై తరగతిలో ప్రవేశించుటకు అర్హత కలుగును. అంతకు మునుపు ఎవరుండవలెనో, ఎవరు పోవలెనో సభ్యులు సభలో నిర్ణయించెడివారు. ఇప్పుడా తీర్పులో మైదానమునకు కూడ పాలు కలిగెను. 1893లో జరిగిన తొలి పరీక్షలో, మొదటి తరగతిలో చివరిదైన న్యూటన్ హీత్‌ను రెండవ తరగతిలో ప్రథమమైన స్మాల్ హీత్ ఎదుర్కొనెను. రెండును పాత అలయన్స్ జట్లే! మొదట చెఱియొక గోలుతో సమముగా నిలిచెను. మరల ఆడగా న్యూటన్ హీత్ అయిదు గోళ్లకు రెండు గోళ్లతో గెలిచి తన స్థానమును నిలుపుకొనెను. ఏడాది పొడవున ప్రథమముగా నిలిచియు స్మాల్ హీత్ క్రిందనే యుండవలసివచ్చెను. కాని మరుసటి యేట అది డార్వెన్‌ను ఓడించి పైకి వచ్చెను. న్యూటన్ హీత్ లివర్‌పూల్ చేతిలో ఓడి క్రిందికి దిగెను. 1898 తరువాత ఈ పరీక్షలను మాని, పట్టికలోని స్థానమును బట్టియే ఎక్కుదల దిగుదలలను నిర్ణయించిరి.

ఇక ఆ జట్ల తరువాతి చరిత్ర వినుడు. అప్పుల పాలైన ఆర్డ్విక్ 1894లో కొత్త నిర్వహణతో మాంచెస్టర్ సిటీ యను పేరు దాల్చెను. దివాలా తీయుటకు సిద్ధముగా నున్న న్యూటన్ హీత్ 1902లో కొందఱు దాతల సాయముతో బయటపడి మాంచెస్టర్ యునైటెడ్ అయ్యెను. స్మాల్ హీత్ నేటి బర్మింగుహామ్ సిటీ. పొగ కమ్మిన మైదానమున రైలుపెట్టెలు చేయువారు ఆరంభించిన ఆ జట్టు 1968, 1999, 2008 సంవత్సరములలో ఐరోపా ఖండమునకే విజేతయయ్యెను. నాటింగుహామ్ ఫారెస్ట్ 1979, 1980 సంవత్సరములలోను, మాంచెస్టర్ సిటీ 2023లోను ఆ గౌరవమును పొందెను. నేడు మన బాలురు ధరించు చొక్కాల మీద ఈ పేర్లు కనబడుచున్నవి. కాని ఆ చొక్కాలను ధరించువారిలో అలయన్స్ పేరు విన్నవారు అరుదు.

అందఱి కథయు ఇట్లు సుఖాంతము కాలేదు. బూటిల్ జట్టు ధనము చాలక, రెండవ తరగతిలో ఒక్క యేడాది ఆడి 1893లో తప్పుకొనెను; దాని పొరుగుననే కొత్తగా వెలసిన లివర్‌పూల్ జట్టు మరుసటి ఆటకాలమున లీగులో ప్రవేశించెను. జేమ్స్ అలన్ స్థాపించిన ఆల్బియన్ 1892లో మూతపడెను. అతడు విడిచివచ్చిన మొదటి జట్టగు సండర్లండ్ మాత్రము ఆ యేటనే ఇంగ్లండు లీగునకు విజేతయయ్యెను. ఆ ఉపాధ్యాయుడు రెండు మొక్కలు నాటగా ఒకటి ఎండెను, ఒకటి వృక్షమయ్యెను.

మరి అలయన్స్ చరిత్రను విజయమనవలెనా, అపజయమనవలెనా? మూడేండ్లలో ముగిసినదే, ఇంకేమి విజయమని కొందఱనవచ్చును. మన రైతు నారుమడిని చూడుడు. చిన్న మడిని దున్ని, చదునుచేసి, విత్తనములు చల్లి, నీరు కట్టి కాపాడును. నారు ఎదిగిన పిమ్మట దానిని పీకి పెద్ద పొలమున నాటును. అప్పుడు నారుమడి వట్టిదగును. పంటనాడు ఎవరును నారుమడిని తలచుకొనరు. అయినను నారుమడి లేక పంట లేదు. నారు అంతయు బ్రతుకదు. కొన్ని మొలకలు పొలమున నాటిన పిమ్మట కూడ ఎండిపోవును. అలయన్స్ అట్టి నారుమడి. తలుపు వెలుపల నిలిచిన జట్లకు అది క్రమమును నేర్పెను. మాట నిలుపుకొనుటను నేర్పెను. చివరి స్థానమున నిలిచినను మరుసటి శనివారము మరల మైదానమునకు రావలెనని నేర్పెను.

మా బాలుని ప్రశ్నకు నేను ఈ కథనే బదులుగా చెప్పితిని. మరునాడు అతడును, అతని స్నేహితులును చుట్టుప్రక్కలనున్న నాలుగు పాఠశాలలకు పోయి మాట్లాడిరి. అయిదు జట్లు, ఒక్కొక్క జట్టునకు ఎనిమిది ఆటలు, మొత్తము ఇరువది. తేదీలన్నియు ఒక పెద్ద కాగితము మీద వ్రాసి మా తరగతి గోడకు అంటించిరి. దానికి నకళ్లు తీసి మిగిలిన పాఠశాలలకు పంపిరి. మొదటి శనివారము మేము ఎదురుచూచుచుండగా, నాలుగు గంటలు కాకమునుపే చెఱువుగట్టు మలుపున దుమ్ము లేచెను. పొరుగూరి పిల్లలు బరువైన సైకిళ్లను త్రొక్కుచు, ఒక్కొక్కదాని మీద ఇద్దరిద్దరు చొప్పున వచ్చుచుండిరి. మా జట్టు నాయకుడు గోడ యొద్దకు పోయి, ఆ తేదీ ప్రక్కన పెన్సిలుతో ఒక గుర్తు పెట్టెను. ఆ నాడు మా జట్టు ఓడిపోయెను. ఆ రాత్రి మా పిల్లలు ఓటమిని గూర్చి మాట్లాడుకొనలేదు. వచ్చు శనివారము ఎవరితో ఆటయో చూచుకొనుటకై గోడ వద్ద గుమిగూడిరి.